అరకు కాఫీ: కొండ నీడ నుంచి ఇంటి ఫిల్టరు వరకు

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే పాసింజరు రైలు కొత్తవలస దాటి శృంగవరపుకోటను సమీపించే వరకు కిటికీలో కనిపించేది కోస్తా మైదానమే. వరి మళ్ళు, తాటి వరుసలు, మామిడి తోటలు ఒకదాని వెంట ఒకటి వెనుకకు జరిగిపోతుంటాయి. బొడ్డవర దాటిన తరువాత దృశ్యం మారుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి స్టేషన్ల మీదుగా పట్టాలు మెలికలు తిరుగుతూ తూర్పు కనుమలను ఎక్కుతాయి. యాభైకి పైగా సొరంగాలు, వాటి నడుమ లోతైన లోయల మీద వంతెనలు. ఒక సొరంగపు చీకటి నుంచి బయటపడి కళ్ళు వెలుతురుకు అలవాటు పడేలోగానే మరొక సొరంగం ఎదురవుతుంది.

ఈ రైలు మార్గాన్ని యాత్రికుల కోసం వేయలేదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కడి నుంచి జపానుకు ఎగుమతి చేయడానికై 1960ల దశకంలో దీనిని నిర్మించారు. ప్రయాణికుల బండి తరువాత వచ్చింది. అద్దాల పైకప్పు గల ప్రత్యేక పెట్టె 2017లో చేరింది. మార్గమధ్యంలోని శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. బ్రాడ్‌గేజి మార్గాలన్నిటిలో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషనుగా అది చాలాకాలం పేరు పొందింది.

బొర్రా గుహలు దాటి పైకి పోయేకొద్దీ చెట్ల వరుసలలో ఒక క్రమం కనిపిస్తుంది. నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ళ నుంచి పైకి అల్లుకున్న మిరియపు తీగలు, వాటి నీడలో నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకులతో నిలువెత్తు పొదలు. అవే కాఫీ మొక్కలు. కొత్తగా వచ్చినవారు వాటిని అడవిగా భ్రమపడటం సహజం. నిజానికి అది వేలాది గిరిజన కుటుంబాల ఏడాది బ్రతుకు.

కాఫీ కొండ ఎక్కిన దారి

భారతదేశానికి కాఫీ వచ్చిన వైనం అందరికీ తెలిసిన గాథే. పదిహేడవ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్ర ముగించుకొని తిరిగి వస్తూ, యెమెన్ దేశపు మోకా రేవు నుంచి ఏడు కాఫీ గింజలను రహస్యంగా తెచ్చి, నేటి కర్ణాటకలోని చిక్కమగళూరు సమీపపు కొండల మీద నాటాడని చెబుతారు. ఆ కొండలను నేటికీ ఆయన పేరుతోనే బాబా బుడన్ గిరి అంటున్నారు. కాఫీ అనగానే దేశంలో చాలామందికి చిక్కమగళూరు, కొడగు, వైనాడు, నీలగిరులు గుర్తుకు రావడానికి కారణం అక్కడి తోటల ప్రాచీనతే.

తూర్పు కనుమలకు కాఫీ ఆలస్యంగా వచ్చింది. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పుగోదావరి మన్యంలోని పాములేరు లోయలో దీనిని పెంచడంతో ఇక్కడి చరిత్ర మొదలైంది. తరువాత కొన్ని దశాబ్దాలకు అది అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలకు వ్యాపించింది. స్వాతంత్ర్యానంతరం 1960ల దశకంలో అటవీ శాఖ పెద్దయెత్తున తోటలు వేసింది. కాఫీ బోర్డు ఈ మన్యంలోని ఆర్.వి. నగర్‌లో ప్రాంతీయ పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పింది. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ గిరిజనుల సొంత భూములలో కాఫీ నాటించే పథకాలను చేపట్టింది. ఈ చివరి అడుగే అరకు కాఫీని దక్షిణాది తోటల కాఫీ నుంచి వేరు చేసింది. కొడగు, చిక్కమగళూరులలో పెద్ద ఎస్టేట్లకు, వాటిలో పనిచేసే కూలీలకు దీర్ఘమైన చరిత్ర ఉన్నది. అరకు కొండలలో మాత్రం ఎకరమో రెండెకరాలో ఉన్న రైతే యజమాని, అతని కుటుంబమే కూలీ. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, కోందులు మొదలైన తెగలవారు ఈ రైతులు. గిరిజనేతరులకు ఈ భూములు బదిలీ కాకుండా నిషేధించిన 1970 నాటి ఒకటవ నంబరు రెగ్యులేషన్, అనగా జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, ఈ యాజమాన్యానికి రక్షణ కవచం.

ప్రపంచం ఈ కాఫీని గుర్తించడానికి మరికొంత కాలం పట్టింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో ఒక కాఫీ దుకాణం వెలసింది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించింది. అదే సందర్భంలో కొడగు, చిక్కమగళూరు, బాబా బుడన్ గిరి అరబికాలకూ, వైనాడు రోబస్టాకూ ఆ గౌరవం దక్కింది. పరిపాలన కూడా మారింది. ఒకనాడు విశాఖపట్నం జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది.

నీడయే ఆస్తి

అరబికా కాఫీ మొక్క సుకుమారమైనది. దాని పుట్టిల్లు ఇథియోపియాలోని ఎత్తయిన అడవులు. పెద్ద చెట్ల కింద, పలచని వెలుతురులో పెరగడం దానికి అలవాటు. అరకు ప్రాంతపు ఎత్తు, చల్లని రాత్రులు, పొగమంచు దానికి సరిగ్గా సరిపోయాయి. చల్లదనంలో పండు నెమ్మదిగా పక్వానికి వస్తుంది. నెమ్మదిగా పండినకొద్దీ గింజ గట్టిపడి, రుచి చిక్కబడుతుంది.

నీడ కేవలం రుచికి సంబంధించిన విషయం కాదు. అరబికాకు ప్రాణాంతకమైన శత్రువులలో కాండం తొలుచు తెల్లపురుగు ఒకటి. ఈ పురుగు ఎండ తగిలే కాండం మీద, బెరడు పగుళ్ళలో గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. నీడచెట్టును నరికిన చోట ఎండ పడుతుంది. ఎండ పడిన చోటికి పురుగు వస్తుంది. కావున వంటచెరకు కోసమో, కలప ధర కోసమో ఒక నీడచెట్టును కొట్టిన రైతు ఆ చెట్టును మాత్రమే కోల్పోడు, దాని కింద ఉన్న కాఫీ మొక్కలను కూడా పురుగుకు అప్పగించినవాడవుతాడు. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు. త్వరగా ఎదుగుతుంది, మిరియపు తీగకు ఆధారమవుతుంది. పనస, మామిడి వంటి చెట్లను కూడా తోటలో నిలుపుకొన్న రైతుకు నీడతోపాటు పండ్లూ దక్కుతాయి. పక్షులకు చోటు ఉంటుంది.

ఈ నీడకు మరొక విలువ కూడా ఉన్నది. మన్యంలో తరతరాలుగా సాగింది పోడు వ్యవసాయం. కొండవాలు మీద అడవిని నరికి కాల్చి, రెండు మూడేళ్ళు సామ, రాగి పండించి, నేల సారం తగ్గగానే మరొక చోటికి మరలేవారు. జనాభా తక్కువగా ఉన్న రోజులలో, విడిచిన నేల మళ్ళీ అడవిగా మారేందుకు వ్యవధి ఉండేది. ఆ వ్యవధి తరిగిపోయినప్పుడు కొండలు బోడులయ్యాయి. కాఫీ ఆ రైతును ఒకచోట నిలిపింది. చెట్టు నిలిస్తేనే పంట నిలుస్తుంది గనుక, చెట్టును కాపాడటం అతని స్వప్రయోజనంగా మారింది. అయితే నాటిన మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఆ నిరీక్షణ పేదవానికి సులభం కాదు.

తేమతో పందెం

మార్చి, ఏప్రిల్ నెలలలో కురిసే తొలివానలకు కాఫీ మొక్కలు పూస్తాయి. కొమ్మ పొడుగునా మల్లెలను తలపించే తెల్లని పూలు, అటువంటిదే పరిమళం. అది కొద్ది రోజుల వైభవమే. తరువాత కాయలు కట్టి, వర్షాకాలమంతా పెరిగి, నవంబరు నుంచి ఎరుపెక్కుతాయి. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, పండు కలిసి ఉంటాయి గనుక, పండినదాన్ని మాత్రమే చేతితో ఏరి, మిగిలినదాని కోసం మళ్ళీ మళ్ళీ రావాలి. కొమ్మను ఒక్క దూపులో దూసేస్తే పని తొందరగా తెములుతుంది గాని, పచ్చికాయల వగరు మొత్తం రాశికి అంటుకొంటుంది.

కోసిన పండును అదేరోజు పల్పింగు యంత్రంలో వేసి పై తొక్కను తొలగించాలి. గింజ చుట్టూ మిగిలే జిగురు పులిసి వదులయ్యే వరకు తొట్టెలో ఉంచి, మంచినీటితో కడిగి, ఎండలో ఆరబెట్టాలి. ఇలా వచ్చిన, పలచని పొట్టుతో కూడిన గింజను పార్చ్‌మెంటు కాఫీ అంటారు. ఈ శ్రమ లేకుండా పండును పండుగానే ఎండబెడితే వచ్చేది చెర్రీ కాఫీ. దానికి ధర తక్కువ.

ఆరబెట్టడం పైకి తేలికగా కనిపించినా అసలైన నైపుణ్యం అక్కడే ఉన్నది. పార్చ్‌మెంటులో తేమ పది శాతానికి దిగాలి. అంతకంటె ఎక్కువగా ఉంటే గింజకు బూజు పడుతుంది, గోనెవాసన పడుతుంది. ఒక బస్తా చెడితే దానితో కలిసిన బస్తాలన్నీ చెడినట్లే. నేల మీద పరచినదానికి మట్టివాసన అంటుతుంది గనుక, ఎత్తు మంచెల మీద వల పరచి ఆరబెట్టడం మేలు. పగలు గంటకొకసారి కలియదిప్పడం, మధ్యాహ్నపు తీవ్రమైన ఎండలో కొంతసేపు కప్పడం, సాయంత్రం మంచు దిగకముందే మూయడం, ఇవన్నీ నియమాలు. తేమను కొలిచే యంత్రం లేనివారికి ఒక సులభోపాయం ఉన్నది. ఒకే కొలపాత్రను రోజూ గింజలతో నింపి తూచాలి. వరుసగా రెండు రోజులు తూకం మారకపోతే, పోవలసిన తేమ పోయిందని అర్థం.

ఏడాదికొకసారి వచ్చే డబ్బు

నెలజీతం మీద బ్రతికేవారికి కాఫీ రైతు ఇంటి లెక్క వింతగా తోస్తుంది. అతనికి డబ్బు వచ్చేది ఏడాదిలో మూడు నాలుగు నెలలు మాత్రమే. ఖర్చు మాత్రం పన్నెండు నెలలు. పంట చేతికి రాని జూన్, జూలై నెలలలోనే విత్తనాలు, పిల్లల చదువు, వానకాలపు జ్వరాలు కలిసికట్టుగా వచ్చిపడతాయి. అప్పుడు సంతలో కనిపించే షావుకారు చేతిలో డబ్బు ఉంటుంది. అతడు ఇచ్చే బయానాకు హామీ కొమ్మ మీది పచ్చికాయ.

ఈ బయానా ఖరీదును ఒక ఊహాజనితమైన లెక్కతో చూడవచ్చు. ఒక కుటుంబం 600 కిలోల పండ్లు కోసిందనుకుందాం. సుమారు అయిదు కిలోల పండ్లకు ఒక కిలో పార్చ్‌మెంటు చొప్పున అది 120 కిలోల పార్చ్‌మెంటు అవుతుంది. పండు కిలో 45 రూపాయలు, పార్చ్‌మెంటు కిలో 300 రూపాయలు అనుకుంటే, పండుగా అమ్మితే వచ్చేది 27,000 రూపాయలు. కడిగి ఆరబెట్టి అమ్మితే 36,000 రూపాయలు. మధ్యనున్న 9,000 రూపాయలు రెండు మూడు వారాల ఓపికకు వచ్చే ప్రతిఫలం. కాని బయానా పుచ్చుకొన్న రైతుకు ఆ ఓపిక పట్టే స్వేచ్ఛ ఉండదు. షావుకారు అడిగిన రోజున, అడిగిన రూపంలో, అతడు చెప్పిన ధరకు ఇవ్వవలసిందే.

వడ్డీ లెక్క విడిగా ఉంటుంది. జూన్‌లో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 5,000 రూపాయలు తెచ్చి జనవరిలో తీర్చితే, ఏడు నెలలకు వడ్డీ 1,050 రూపాయలు. పై ధరల ప్రకారం అది మూడున్నర కిలోల పార్చ్‌మెంటు. అంటే పదిహేడున్నర కిలోల పండ్లు ఒక్కొక్కటిగా ఏరిన శ్రమ.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసినది కాదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీని కొనుగోలు చేస్తున్నది. రైతుల సహకార సంఘాలు పండును సేకరించి, ఒకేచోట శుద్ధి చేస్తున్నాయి. మహిళల పొదుపు సంఘాలు చిన్న అప్పులు ఇస్తున్నాయి. ఇంటి లోపల పాటించవలసిన క్రమశిక్షణ మాత్రం ఎవరికి వారే అలవరచుకోవాలి. డబ్బు వచ్చిన రోజునే నాలుగు భాగాలు చేయడం మంచి పద్ధతి. మొదటిది పాత అప్పుకు, రెండవది రాబోయే వానకాలానికి, మూడవది తోటకు, నాలుగవది నెలవారీ ఇంటి ఖర్చుకు. ఈ నాలుగింటిలో వానకాలపు భాగాన్ని విడి ఖాతాలో వేసి, జూన్ వరకు ముట్టుకోకపోతే, షావుకారు గడప తొక్కే అవసరం చాలావరకు తప్పుతుంది. ఈ పద్ధతి కాఫీ రైతుకే పరిమితం కాదు. పంట మీద, పెళ్ళిళ్ళ సీజను మీద, సెలవుల రద్దీ మీద ఆధారపడి బ్రతికే ప్రతి ఇంటికీ ఇది వర్తిస్తుంది. ఏడాది రాబడిని పన్నెండుతో భాగిస్తే వచ్చేదే అసలైన నెలజీతం.

ధరల ఒడుదుడుకులు రైతు చేతిలో లేవు. 1942 నాటి కాఫీ చట్టం కింద పంటనంతా కాఫీ బోర్డే సేకరించి అమ్మే పద్ధతి చాలాకాలం సాగింది. 1990ల దశకంలో అది దశలవారీగా తొలగి, 1996 నాటికి రైతుకు పూర్తి స్వేచ్ఛ లభించింది. స్వేచ్ఛతోపాటు ప్రపంచ విపణి గాలులు కూడా వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ విపణిలో అరబికా పౌను నాలుగు డాలర్లు దాటింది. బ్రెజిల్‌లో వాన కురవకపోతే అరకులో ధర పెరుగుతుంది. అక్కడ పంట విరగకాస్తే ఇక్కడ పడిపోతుంది. మంచి ధర వచ్చిన ఏడాదిని శాశ్వతమని భావించి అప్పు చేసినవారు తరువాతి ఏడాది ఇబ్బంది పడటం కాఫీ సీమలన్నిటా కనిపించేదే.

గసగసాలంత శత్రువు

మంచి ధర వచ్చిన ఆ 2025 సంవత్సరంలోనే అరకు తోటలలో కాయ తొలుచు పురుగు కనిపించింది. ఆఫ్రికాలో పుట్టి, కాఫీ పండే దేశాలన్నిటికీ వ్యాపించిన ఈ నల్లని పురుగు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. భారతదేశంలో ఇది మొదటిసారి 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో బయటపడింది. ఆడపురుగు కాయ కొన దగ్గర సూదిబెజ్జమంత రంధ్రం చేసి లోపలికి పోయి, గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు గింజను తింటూ అందులోనే పెరుగుతాయి. లోపల దాగినందున మందు చల్లినా అంతగా తగలదు.

అందుచేత దీనిపై పోరాటమంతా పరిశుభ్రత మీదనే ఆధారపడి ఉన్నది. కోత ముగిసిన తరువాత కొమ్మ మీద గాని, నేల మీద గాని ఒక్క కాయ కూడా మిగలకూడదు. అలా మిగిలిన కాయలే వచ్చే పంట వరకు పురుగుకు ఆశ్రయం. పురుగు పట్టిన కాయలను మరుగునీటిలో ముంచి, లోతుగా పూడ్చివేయాలి. ఒక తోటలోని గోనెసంచిని శుభ్రం చేయకుండా మరొక తోటకు తీసుకుపోకూడదు. ఇక్కడ మళ్ళీ తేమ ప్రసక్తి వస్తుంది. పది శాతానికి ఆరిన గింజలో ఈ పురుగు వృద్ధి చెందలేదు. సరిగా ఆరబెట్టడం రుచికే కాక రక్షణకూ సాధనమే. ఒక రైతు శ్రద్ధ వహించి, పొరుగువాడు వహించకపోతే ఇద్దరికీ నష్టమే గనుక, ఊరంతా ఒక్కటై చేయవలసిన పని ఇది.

యాత్రికుని కెమెరా

తోటలను చూడవచ్చే యాత్రికుడు కూడా తన సంచిలో తేమను భరించలేని ఒక వస్తువును వెంట తెస్తాడు. అరకులో కెమెరాకు మూడు గండాలున్నాయి: శీతకాలపు పొగమంచు, గుహల చెమ్మ, ఘాటురోడ్డు ఎర్రదుమ్ము.

తెల్లవారుజామున చలిలో తిరిగిన కెమెరాను వెంటనే వెచ్చని గదిలోకి తెస్తే, చల్లని చెంబు మీద నీటిబొట్లు పట్టినట్లు కటకం మీద, లోపలి భాగాల మీద చెమ్మ పడుతుంది. బయట ఉండగానే కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసి, మూతి బిగించాలి. గదిలోకి వచ్చాక అరగంట, గంట ఆగి, అది గది వేడికి వచ్చిన తరువాతనే సంచి విప్పాలి. అప్పుడు చెమ్మ సంచి పైనే పడుతుంది. చల్లని గది నుంచి ఉక్కపోత వాతావరణంలోకి పోయేటప్పుడూ ఇదే నియమం.

బొర్రా గుహలు సున్నపురాతి గుహలు. బొగ్గుపులుసు వాయువు కలిసిన నీరు యుగాల తరబడి రాతిని కరిగించగా ఏర్పడినవి. గోస్తనీ నది వాటి గుండా పారుతుంది. పైనుంచి బొట్లు పడుతూనే ఉంటాయి. అక్కడ కటకం మార్చకపోవడమే క్షేమం. తప్పనిసరి అయితే కెమెరా నోరు కిందికి ఉంచి మార్చాలి.

కటకం మీది దుమ్మును చొక్కా అంచుతో తుడవడం అందరూ చేసే పొరపాటు. దుమ్ములో గాజును గీయగల ఇసుక రేణువులుంటాయి. మొదట రబ్బరు బుడ్డితో గాలి ఊది, తరువాత మెత్తని కుంచెతో దులిపి, మరక మిగిలితేనే, కటకాలకై తయారైన ద్రవాన్ని గుడ్డ మీద ఒక చుక్క వేసి, మధ్య నుంచి అంచుకు గుండ్రంగా తుడవాలి. చరవాణి కటకానికీ ఈ జాగ్రత్త అవసరమే. దాని మీది వేలిజిడ్డే చాలా చిత్రాలలో పొగమంచుగా కనిపిస్తుంది.

ఇంటికి తిరిగి వచ్చిన తరువాత కెమెరాను తోలు పెట్టెలో మూసి అలమరలో పెట్టడం మరొక పొరపాటు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. చీకటి, తేమ కలిస్తే కటకం లోపల సాలెగూడు వంటి బూజు పుడుతుంది. అది కటకపు పూతను తినివేస్తే బాగుచేయడం కష్టం. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కెమెరాను ఉంచడం చవకైన రక్షణ. గింజల రంగు మారితే, అనగా నీలిరంగువి గులాబీ రంగుకో, నారింజ రంగువి ఆకుపచ్చకో మారితే, అవి తేమతో నిండాయని అర్థం. సన్నని సెగపై వేడిచేస్తే మళ్ళీ పనికివస్తాయి. ఎక్కువకాలం వాడనప్పుడు బ్యాటరీని తీసివేయాలి. నెలకు రెండుసార్లయినా కెమెరాను బయటకు తీసి వాడాలి.

సాంకేతిక జాగ్రత్తలకంటె ముఖ్యమైనది మర్యాద. సంతలో కూర్చున్న స్త్రీలనో, పండ్లు ఏరే కుటుంబాన్నో, థింసా ఆడే బృందాన్నో అనుమతి అడగకుండా చిత్రించడం సరికాదు. ఒక చిరునవ్వు, ఒక మాట చాలు. వద్దంటే కెమెరాను దించాలి.

ఇంటి ఫిల్టరు దగ్గర

అరకు నుంచి తిరిగి వచ్చేవారిలో చాలామంది కాఫీ పొట్లం కొనితెస్తారు. కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి: వేయించిన తేదీ, గింజ రకం, చికోరీ శాతం. చికోరీ ఒక మొక్క వేరు. అది డికాక్షనుకు చిక్కదనాన్ని, నలుపును ఇస్తుంది. దానిలో కెఫీన్ లేదు. కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, చికోరీ శాతాన్ని పొట్లం మీద ముద్రించాలని మన ఆహార నిబంధనలు చెబుతున్నాయి.

ధరను ఇలా పోల్చవచ్చు. శుద్ధమైన కాఫీ కిలో 700 రూపాయలు, 60 శాతం కాఫీ గల మిశ్రమం కిలో 550 రూపాయలు అనుకుందాం. మిశ్రమంలోని 600 గ్రాముల కాఫీ విలువ 420 రూపాయలు. మిగిలిన 130 రూపాయలు 400 గ్రాముల చికోరీకి ఇచ్చినట్లు. అంటే కిలో చికోరీ 325 రూపాయలు పడింది. అంత విలువ ఉన్నదా లేదా అన్నది కొనేవారే నిర్ణయించుకోవాలి. శుద్ధమని చెప్పిన పొడిపై అనుమానం కలిగితే, గ్లాసు నీటి మీద చిటికెడు చల్లాలి. కాఫీ పొడి కొంతసేపు తేలుతుంది. చికోరీ వెంటనే దిగుతూ వెనుక రంగు చారలు విడుస్తుంది.

పొడిని పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొనడం మంచిది. గింజలుగా కొని, అవసరమైనంత మర ఆడించుకోగలిగితే మరీ మంచిది. మర ఆడిన క్షణం నుంచి పరిమళం పోవడం మొదలవుతుంది. గాలి, వెలుతురు చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి. రోజూ ఫ్రిజ్ నుంచి తీసి పెడుతుంటే పొడికి చెమ్మ పడుతుంది. ఎక్కువ నిలువ ఉంచవలసి వస్తే చిన్న పొట్లాలుగా కట్టి గడ్డకట్టే అరలో పెట్టి, తీసిన పొట్లాన్ని గది వేడికి వచ్చే వరకు విప్పకూడదు. కెమెరాకు చెప్పిన నియమమే ఇది.

ఇద్దరికి కాఫీ కావాలంటే ఫిల్టరు పై గిన్నెలో 20 గ్రాముల పొడి వేసి, సమంగా సర్ది, గొడుగు వంటి బిళ్ళతో మెల్లగా అదమాలి. గట్టిగా నొక్కితే నీరు దిగదు. వదులుగా ఉంటే రుచి దిగదు. నీరు తెర్లిన తరువాత అరనిమిషం ఆగాలి. మొదట రెండు మూడు చెంచాల నీరు పోసి పొడిని నాననివ్వాలి. అరనిమిషం తరువాత మిగిలినది, మొత్తం 120 మిల్లీలీటర్లు అయ్యేటట్లు పోసి మూత పెట్టాలి. పొడి తన బరువుకు రెండింతల నీటిని పట్టి ఉంచుతుంది గనుక, పావుగంట, ఇరవై నిమిషాలలో సుమారు 80 మిల్లీలీటర్ల డికాక్షను దిగుతుంది. దానిని మళ్ళీ పొయ్యి మీద కాచకూడదు, చేదెక్కుతుంది. చల్లారితే గిన్నెతో సహా వేడినీటిలో ఉంచాలి. వాడిన ఫిల్టరును అదేపూట వేడినీటితో కడిగి, రంధ్రాలను కుంచెతో రుద్ది, బాగా ఆరనివ్వాలి. కాఫీలోని నూనె రంధ్రాలలో పేరుకొని మరునాటి డికాక్షనును పాడుచేస్తుంది.

ఖర్చు లెక్క కూడా కష్టం కాదు. కప్పుకు 10 గ్రాములు, కిలో 600 రూపాయలు అనుకుంటే కప్పు కాఫీ పొడి విలువ ఆరు రూపాయలు. ఇద్దరు రోజుకు రెండేసి సార్లు తాగితే నెలకు 1,200 గ్రాములు, 720 రూపాయలు. మిగిలిపోయిన డికాక్షనును రోజూ ఒక కప్పు చొప్పున పారబోసే ఇంట ఏడాదికి 2,190 రూపాయలు తూములో పోతున్నాయి. తక్కువ ధర పొడికి మారడంకంటె, కావలసినంతే దించుకోవడం మేలైన పొదుపు. అందువల్ల ఇంటికి రుచి తగ్గదు, రైతుకు ధర తగ్గదు.

ఒక కప్పుకు పట్టే ఆ 10 గ్రాముల పొడిలో సుమారు 75 గింజలుంటాయి. పండుకు రెండు గింజల చొప్పున అవి నలభైకి దగ్గరగా పండ్లు. నవంబరు చలిలో, మంచుకు తడిసిన కొమ్మలను వంచి, పచ్చిది విడిచి పండినది ఎంచి, ఆ నలభై పండ్లను ఒక్కొక్కటిగా ఎవరో కోశారు. కోత పూర్తయిన తరువాత, పురుగుకు చోటు దొరకకుండా, నేల రాలిన చివరి కాయ వరకు ఏరడానికి వారు ఈ ఏడాది మళ్ళీ వంగవలసి ఉన్నది.